బంగారి గుడ్లకు ఆఫీసు వేడి

మా గాలిమిట్ట పశుసంవర్ధక కార్యాలయం గురించి గిట్టనివాళ్లు నోటికొచ్చినట్టు మాట్లాడతారు. అక్కడ అర్జీ పెడితే అది మళ్లీ వెలుగు చూడదంటారు. కుర్చీల వీపులకు స్వెట్టర్లు తప్ప వాటిలో మనుషులు కనబడరంటారు. ఇదంతా కళ్లలో నిప్పులు పోసుకునేవాళ్ల ప్రచారం. ఆ కార్యాలయానికి సూపరింటెండెంటుగా నేను చెప్పేది ఒక్కటే. ఈ దేశంలో ఎన్నో కార్యాలయాల వాళ్లు కుర్చీల్లో కూర్చుంటారు. కానీ కేవలం కూర్చుని పాము గుడ్లు పొదిగిన ఘనత మా ఒక్కరికే దక్కింది.

మా ఆఫీసుకు ఎదురుగా వకుళ జిరాక్సు కొట్టు ఉంది. మా దగ్గరికొచ్చే ప్రతి అర్జీదారూ ముందు అక్కడ మూడు కాపీలు తీయించుకోవాలి గనుక ఆమె వ్యాపారానికి ఢోకా లేదు. బెంగుళూరులో ఉన్న ఆమె తమ్ముడు ఇల్లు మారుతూ, తను పెంచుకుంటున్న పామును తెచ్చి అక్క దగ్గర వదిలేశాడు. విదేశీ జాతి, నారింజ రంగు, విషం లేదు, ప్రభుత్వ అనుమతి ఉంది. వకుళ దానికి బంగారి అని పేరు పెట్టి, జిరాక్సు మిషను వెనక వెచ్చగా ఉండేచోట గాజు పెట్టెలో పెట్టుకుంది. మా ఆఫీసు ఎలుకలకు ఫైళ్లు ఆహారం. ఆ ఎలుకలను మా అటెండరు మునెమ్మ బోనులో పట్టి బంగారికి ఇచ్చేది. ఆ లెక్కన బంగారి కూడా ప్రభుత్వం మీద ఆధారపడి బతికే ప్రాణే.

వచ్చేటప్పటికే కడుపుతో ఉందేమో, కార్తీకం మొదట్లో బంగారి గుడ్లు పెట్టింది. వకుళ వాటిని ప్లాస్టిక్ డబ్బాలో తడి కొబ్బరిపొట్టు మీద పెట్టి, మిషను పైన అరలో ఉంచింది. గుడ్లు పొదిగే యంత్రమేమీ అక్కర్లేదని, గది వెచ్చగా ఉంటే చాలని తమ్ముడు ఫోనులో చెప్పాడట. అంతటితో ఊరుకుంటే ఈ కథే ఉండేది కాదు. పెంపుడు విదేశీ జీవికి పిల్లలు పుడితే తెలియజేయాలని నిబంధన ఉంది గదా అని, ఆమె తెల్లకాగితం మీద రాసి తెచ్చి మాకిచ్చింది. నిజాయితీ మా గడప తొక్కడం అరుదు. దాన్ని ఏం చేయాలో మాకు వెంటనే తోచలేదు.

మా సహాయ సంచాలకులు డాక్టర్ పరాంకుశం గారు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇందులో ఒక మౌలికమైన సందేహం తలెత్తుతున్నది. గుడ్డు అనేది జననమా? లేక జనన ప్రతిపాదనా?"

"గుడ్డంటే గుడ్డే సార్," అంది వకుళ.

"అంటే ప్రతిపాదన. ప్రతిపాదన దశలో ఉన్న జీవిని ప్రైవేటు వ్యక్తి అధీనంలో ఉంచడం సమంజసం కాదు. పిల్లలు వెలువడే వరకు గుడ్లు ప్రభుత్వ సంరక్షణలో ఉండును. అనంతరం నమోదు చేసి తమకు అప్పగించబడును. గుడ్లు చెడిపోయిన పక్షంలో, సంరక్షణా లోపం కింద తల్లిపామును కూడా స్వాధీనం చేసుకొనవలసి యుండును."

వకుళ ముఖం పాలిపోయింది. "మీ దగ్గరుండి చెడిపోతే నా తప్పెట్లయితాది సార్?"

"గుడ్లు పెట్టింది తమ పాము. ప్రాథమిక బాధ్యత ఎప్పుడూ పెట్టినవారిదే."

ఈ తర్కానికి ఎదురులేదు. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంటూనే డబ్బా తెచ్చింది. ప్రతి గుడ్డు మీదా పెన్సిలుతో చుక్క పెట్టి ఉంది. "ఈ చుక్క పైనే ఉండాల సార్. కోడిగుడ్ల మాదిరి తిప్పకూడదు. తిప్పితే లోపల పిల్ల సచ్చిపోతాది. దయచేసి దీన్ని కదపొద్దండి," అని మరీ మరీ చెప్పింది.

ఆ విషయంలో ఆమె నిశ్చింతగా ఉండవచ్చునని నేను హామీ ఇచ్చాను. మా కార్యాలయంలోకి వచ్చిన దేన్నీ ఇంతవరకు మేం కదిపిన పాపాన పోలేదు.

చిక్కు మరోచోట వచ్చింది. మా దగ్గర కోడిగుడ్లను పొదిగే కరెంటు యంత్రం ఒకటుండేది. కానీ అప్పుడు రాష్ట్రమంతటా 'సహజోష్ణ వారోత్సవం' నడుస్తోంది. ప్రధాన కార్యాలయంలో ఎవరికో కరెంటు పొదుపు మీద ప్రేమ పుట్టి, హీటర్లు, పొదుగు యంత్రాలు, పెద్ద బల్బులు అన్నిటికీ సీళ్లు వేయించారు. వారోత్సవం బాగా జరిగిందని దాన్ని ఏడాది పాటు పొడిగించారు. గుడ్ల సంగతి రాసి ఏం చేయాలని అడిగితే సమాధానం వచ్చింది. "గుడ్లను గది ఉష్ణోగ్రత వద్దనే పొదగవలెను. సదరు గది ఉష్ణోగ్రత ఇరవై ఆరు డిగ్రీలకు తగ్గరాదు, ఇరవై తొమ్మిదికి మించరాదు. అవసరమగు ఉష్ణమును కార్యాలయ స్వీయ వనరుల నుండి సమకూర్చుకొనవలెను."

గాలిమిట్ట ఎత్తు మీద ఉన్న ఊరు. కార్తీకంలో మధ్యాహ్నం పూట కూడా చెవులకు మఫ్లరు చుట్టుకుని తిరుగుతాం. హాలు మధ్య బల్ల మీద డబ్బా పెట్టి, పక్కన గోడకు ఉష్ణమాపకం తగిలించాం. అది ఇరవై ఒకటి చూపించి, మమ్మల్ని వెక్కిరిస్తున్నట్టు అక్కడే ఆగిపోయింది.

పరాంకుశం గారు స్వీయ వనరుల కోసం ఆఫీసంతా గాలించారు. విరిగిన కుర్చీలు, తుప్పుపట్టిన సూదుల డబ్బాలు, తొమ్మిది రకాల రబ్బరు స్టాంపులు కనబడ్డాయి. ఏదీ వేడిగా లేదు. వకుళ రోజూ కొట్టు వదిలేసి వచ్చి గోడవైపు చూసి, గుడ్ల మీద చుక్కలు పైనే ఉన్నాయో లేదో చూసుకుని వెళ్లేది. 

సోమవారం అర్జీల రోజు. జనం హాలు నిండా కిక్కిరిసి, యథాప్రకారం కేకలు వేసుకుంటూ నిలబడ్డారు. మధ్యాహ్నం మునెమ్మ పరుగెత్తుకొచ్చింది.

"సార్! ముల్లు ఇరవై ఏడుకు పోయిండాది!"

పరాంకుశం గారు లేచి వచ్చి చూశారు. జనాన్ని చూశారు. మళ్లీ ఉష్ణమాపకాన్ని చూశారు. ఆయన ముఖంలో అంతటి తేజస్సు నేనెన్నడూ చూడలేదు.

"సూపరింటెండెంటు గారూ, స్వీయ వనరులంటే ఏమిటో ఇప్పుడు బోధపడింది. మనిషి ఒంట్లో ముప్పై ఏడు డిగ్రీలున్నది. ఇంతకాలం మనం సిబ్బంది ఉన్నది పనికోసమని పొరపాటు పడ్డాం. వారి వాస్తవమైన ఉపయోగం వేరే ఉన్నది."

మర్నాటి నుంచి మా సిబ్బంది మొత్తం పొద్దున్నే ఆఫీసులో ఉండాలని ఉత్తర్వు వెలువడింది. ఇలాంటి ఉత్తర్వులు ఇదివరకు ఎన్నో వచ్చాయి, పోయాయి. ఈసారి తేడా ఏమిటంటే ఎవరు రాకపోయినా ఉష్ణమాపకం చెప్పేస్తుంది. స్వెట్టరు కుర్చీకి తగిలించి సినిమాకు వెళ్లిన గుమాస్తాకు సంజాయిషీ నోటీసు వెళ్లింది: "తమ గైర్హాజరు వల్ల కార్యాలయమునకు సంభవించిన అర డిగ్రీ నష్టమునకు కారణములు తెలుపవలెను." సన్నగా రివటలా ఉండే టైపిస్టును గుడ్లకు దూరంగా, బొద్దుగా ఉండే క్యాషియరును గుడ్లకు ఆనుకుని కూర్చోబెట్టాం. క్యాషియరుకు పెళ్లయిన పదిహేనేళ్లలో తన ఒంటి గురించి ఒక మంచి మాట వినడం ఇదే మొదటిసారట. ఆయన రెట్టించిన ఉత్సాహంతో రోజూ రెండు కారియర్ల భోజనం తెచ్చుకోవడం మొదలుపెట్టాడు.

అయినా ముల్లు ఇరవై నాలుగు దాటలేదు. అప్పుడు అర్జీదార్ల మీద మా దృష్టి పడింది.

వెనకటి రోజుల్లో అర్జీదారు కనబడితే "రేపు రా పో" అనేవాళ్లం. అది ఎంత అనాలోచితమో ఇప్పుడు తెలిసొచ్చింది. అంత వేడిని చేతులారా బయటికి పంపించేశాం. ఇక మీదట ముల్లు ఇరవై ఆరు లోపుంటే ఏ అర్జీనీ పరిష్కరించరాదనీ, అర్జీదారును మర్యాదగా కూర్చోబెట్టి "తమరి విషయం పరిశీలనలో ఉన్నది" అని చెప్పాలనీ తీర్మానించాం. ముల్లు ఇరవై తొమ్మిది దాటిందంటే మాత్రం ప్రమాదం. అప్పుడు అర్జీలు వెంటనే పరిష్కరించి జనాన్ని ఇళ్లకు పంపాలి. పని అయితే తప్ప కదలని జాతి గదా!

ఇంత శాస్త్రీయమైన పద్ధతి మా కార్యాలయ చరిత్రలో లేదు. అంతకుముందు ఏ అర్జీ ఎందుకు ఆగిందో, ఏది ఎందుకు కదిలిందో ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు గోడవైపు చూస్తే చదువురానివాడికి కూడా తెలుస్తుంది.

తెలియాల్సినదానికంటే ఎక్కువే తెలిసింది. వారం తిరక్కముందే జనం కంబళ్లు కప్పుకుని, పిల్లాజెల్లాతో, వేడి వేడి టీ క్యాన్లతో రావడం మొదలుపెట్టారు. ఒకాయన గొర్రెల టీకా కాగితం కోసం పెళ్లివారిని మొత్తం వెంటబెట్టుకుని వచ్చాడు. కిటికీలు మూసి అందరూ కలిసి ఊపిరి వదిలేసరికి ముల్లు పైకి ఎగబాకింది. పరాంకుశం గారు తమ గదిలోంచి బయటికి వచ్చి "ఇరవై తొమ్మిదిన్నర! పరిష్కరించండి! పరిష్కరించండి!" అని కేకలు వేస్తూ, నిలబడే సంతకాలు చేశారు.

వకుళ మాత్రం కొట్టులోంచి పరుగున వచ్చి జనం మీద విరుచుకుపడింది. "మీకేమన్నా బుద్ధుండాదా? ఎక్కువ కాగితే లోపల పిల్లలు ఉడికిపోతాయి. మీ కాగితాల కోసరం నా గుడ్లను కూర వండుతారా?"

జనం తలలు వంచుకున్నారు. పాపం, వాళ్లూ మనుషులే. అప్పటి నుంచి ఆవిడే కొట్టు ముందు పలక పెట్టి 'ఆఫీసులో ఇప్పుడు ఇరవై ఏడు' అని సుద్దతో రాసేది. ఎంతమంది లోపలికి పోవాలో, ఎవరు బయట ఆగాలో చెప్పేది. ఆ పలక మీద నమ్మకం మా నోటీసు బోర్డు మీద ఎన్నడూ లేదు.

ఈ సందడిలో ఒకే ఒక్కడి పని కాలేదు. ఆయన పేరు గంగులప్ప. కొండకింద పల్లెలో ఉంటాడు. ఆయన గేదె కావేరి చెవికి బిళ్ల వేసినప్పుడు మా వాళ్లెవరో దాన్ని 'మగ' అని నమోదు చేశారు. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు అని సామెత ఉంది గదా, మా కార్యాలయం ఆ సామెతను ఆచరణలో పెట్టింది. పాల కేంద్రంవాళ్లు మాత్రం ఒప్పుకోలేదు.

"దున్నపోతు పాలు మేం పోసుకోమంటాండారు సార్," అన్నాడు గంగులప్ప వందోసారి. "మా ఎనుము ఆడదని ఎన్నితూర్లు చెప్పేది? దాని పక్కనే దూడ ఉండాది. వచ్చి సూడండి."

"దూడ ఉండటం పరిస్థితిజన్య సాక్ష్యం మాత్రమే," అన్నారు పరాంకుశం గారు. తర్వాత నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించారు. "ఈయన పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. నల్ల కంబళి, బలిష్ఠమైన దేహం, పొద్దున్నే వస్తారు, సాయంత్రం దాకా కదలరు. ఇంత నమ్మకమైన వేడి మనకు మళ్లీ దొరకదు."

అంత ఉన్నతాభిప్రాయం ఉందని గంగులప్పకు తెలియదు. రోజూ వచ్చి గుడ్ల డబ్బా పక్కన కూర్చునేవాడు. కూర్చుని కూర్చుని ఆయనకు ఆ గుడ్ల మీద మమకారం పెరిగింది. కొబ్బరిపొట్టు ఆరితే మునెమ్మను పిలిచి నీళ్లు చిలకరించమనేవాడు. వకుళ వస్తే "భయపడొద్దమ్మా, నేనుండాను గదా," అనేవాడు. ఆవిడ ఆయన దగ్గర కాపీలకు డబ్బులు తీసుకోవడం ఎప్పుడో మానేసింది.

ఇంతలో కార్తీక వనభోజనాల ఆదివారం వచ్చింది. రాత్రిళ్లు, ఆదివారాలు కూడా వంతులవారీగా వచ్చి కూర్చుంటున్న సిబ్బంది ఈ ఒక్కరోజు మాత్రం ససేమిరా అన్నారు. వేడి కూడా ప్రాణమున్న మనిషి నుంచే వస్తుందనీ, ఆ మనిషికి పులిహోర హక్కు ఉంటుందనీ ఉద్యోగుల సంఘం నాయకుడు వాదించాడు. అంత్యాక్షరిలో పరాంకుశం గారు ప్రతి ఏడూ గెలుస్తారు గనుక ఆయన కూడా సంఘం వాదనలో న్యాయముందని అభిప్రాయపడ్డారు. ఆ రోజుకు కార్యాలయ ఉష్ణ బాధ్యతలు మునెమ్మకు అప్పగించి మేమంతా ఉసిరితోటకు వెళ్లాం.

మునెమ్మ ఎంత కష్టపడినా ఒక మనిషే గదా. ఆ రోజు ముసురు కూడా పట్టింది. మధ్యాహ్నానికి ముల్లు పందొమ్మిదికి పడిపోయిందట. వకుళ డబ్బాను ఒళ్లో పెట్టుకుందామంటే కదపకూడదాయె. దాని చుట్టూ చేతులు వేసి, చెంప ఆనించి ఏడుస్తూ కూర్చుందట. అర్జీలు తీసుకోని రోజు గనుక జనం కూడా లేరు. అప్పుడు కాపీ కోసం వచ్చిన గంగులప్ప లోపలికి తొంగి చూసి, "ఉండమ్మా, ఇప్పుడే వస్తా," అని కొండ దిగి పోయాడట.

మేం సాయంత్రం తిరిగొచ్చేసరికి కిటికీ అద్దాలన్నీ ఆవిరి పట్టి ఉన్నాయి. తలుపు తీస్తే వెచ్చటి గాలి ముఖానికి కొట్టింది. హాలు మధ్య, గుడ్ల బల్లకు ఆనుకుని, కావేరి తీరుబడిగా పడుకుని పాత సర్క్యులరు ఒకటి నెమరేస్తోంది. దాని పొట్ట దగ్గర దూడ. ఎదురుగా వకుళ, గంగులప్ప కింద కూర్చుని ఉన్నారు. ముల్లు సరిగ్గా ఇరవై ఎనిమిది మీద ఉంది.

"ఒక్క ఎనుము పదిమంది గుమాస్తాలకు సాటి సార్," అంది మునెమ్మ, కాఫీ గ్లాసులు అందిస్తూ.

పరాంకుశం గారు కాఫీ తాగి కళ్లు మూసుకున్నారు. "అద్భుతం. ఈ చిక్కటి పాలు ఎక్కడివి?"

"కావేరివి సార్."

ఆయన కళ్లు తెరిచారు. "రికార్డుల ప్రకారం ఇది దున్నపోతు. దున్నపోతు పాలతో కాఫీ సేవించుట నిబంధనలకు విరుద్ధం. నేను ఈ కాఫీ తాగినట్టు ఎక్కడా నమోదు కారాదు." అని, రెండో గ్లాసు అందుకున్నారు.

మర్నాడు కావేరిని 'తాత్కాలిక ఉష్ణ సహాయకుడు'గా నియమిస్తూ ఉత్తర్వు జారీ అయింది. ఎనుము ఆడదని ఇప్పుడైనా రాయమని గంగులప్ప ప్రాధేయపడ్డాడు. సహాయకుడుగా నియమించిన వ్యక్తిని మధ్యలో ఆడదిగా మారిస్తే నియామకమే చెల్లదని పరాంకుశం గారు విచారం వ్యక్తం చేశారు. గంగులప్ప నిట్టూర్చాడు. అయినా కావేరిని రోజూ తోలుకొచ్చాడు. "నా కాగితం కోసరం కాదు సార్, ఆ బిడ్డ గుడ్ల కోసరం," అన్నాడు. నిజం చెప్పాలంటే హాజరులో కావేరిని మించినవాళ్లు మా సిబ్బందిలో ఇంతవరకు పుట్టలేదు.

అలా కూర్చుని కూర్చుని ఉండగా, సంక్రాంతి ఇంకా రాకముందే, ఒక ఉదయం క్యాషియరు కెవ్వున కేక వేశాడు. ఒక గుడ్డు మీద సన్నటి గీత పడింది. కాసేపటికి గీత విచ్చుకుని, అందులోంచి చిటికెన వేలి గోరంత తల బయటికి వచ్చి, మా కార్యాలయాన్ని చుట్టూ చూసింది. చూసి, మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. దాని నిర్ణయాన్ని ఎవరూ తప్పుపట్టలేకపోయాం. కానీ మధ్యాహ్నానికి మళ్లీ వచ్చింది. దాని పక్కనే ఇంకొకటి, ఆ పక్కన మరొకటి. సాయంత్రానికి గుడ్లన్నీ చిట్లాయి, ఒక్కటి కూడా చెడిపోలేదు.

వకుళ ఏడుస్తూ నవ్వుతూ గంగులప్ప చేతులు పట్టుకుంది. క్యాషియరు తన ఒంటిని తనే గర్వంగా నిమురుకున్నాడు. పరాంకుశం గారు కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ తుడుచుకున్నారు.  ఇన్నేళ్ల ఉద్యోగంలో మా చేతుల మీదుగా ఒక పని పూర్తికావడం అదే మొదటిసారి. ఆ సంతోషం ఎలా ఉంటుందో మాకు ఎవరూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున ఆఫీసుకు వెళ్లేసరికి కుర్చీలకు స్వెట్టర్లు మాత్రం ఉన్నాయి.

ఇక వేడి అక్కర్లేదు గదా! హాలు చల్లగా, ప్రశాంతంగా, పూర్వవైభవంతో వెలిగిపోతోంది. వకుళ తన పాముపిల్లల్ని అప్పగించమని అర్జీ పట్టుకుని వచ్చింది. పరాంకుశం గారు గదిలోంచే చెప్పి పంపారు: "పరిశీలనలో ఉన్నది. రేపు రమ్మనండి."

రేపు అయింది, ఎల్లుండి అయింది. డబ్బాలో పాముపిల్లలు చలికి ముడుచుకుని, కదలడం తగ్గించాయి. వకుళ బతిమాలింది. "గుడ్లల్లో ఉన్నెప్పుడు అంత బాగా చూసుకున్నారే సార్. పుట్టినంక సంపుతారా?"

"ఆ దశకు సంబంధించి ఆదేశాలున్నవి. ఈ దశకు ఇంకా రాలేదు," అన్నారు పరాంకుశం గారు. ఆయన మాటలో అబద్ధమేమీ లేదు.

వకుళ బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చుంది. గంగులప్ప ఆమె పక్కన కూర్చుని కాసేపు ఆలోచించాడు. తర్వాత లేచి, ఆమె పలక తీసుకుని, ఆమె చేతే సుద్దతో రాయించి కొట్టు ముందు నిలబెట్టాడు. దాని మీద ఒకటే మాట ఉంది: 'అందరూ రండి.'

అర్ధగంటలో హాలు నిండింది. గొర్రెలకాపర్లు, కోళ్లఫారంవాళ్లు, టీకా కాగితం పెళ్లివారు, కంబళ్లు, టీ క్యాన్లు. కావేరి తన స్థానం తను తెలుసుకుని వచ్చి బల్ల పక్కన పడుకుంది. హాలు మరీ కాగితే పిల్లలు తట్టుకోలేవని వకుళ వాటి డబ్బాను తెచ్చి, చల్లగాలి తగిలే గుమ్మం దగ్గర తన కొంగు కింద పెట్టుకుంది. ఎవరో కిటికీలు మూశారు. ఎవరూ అరవలేదు, ఎవరూ అడగలేదు. ఊరికే అందరూ ఊపిరి పీల్చి వదులుతూ నిలబడ్డారు.

ముల్లు ఇరవై నాలుగుకు వచ్చింది. ఇరవై ఆరు. ఇరవై ఎనిమిది. పరాంకుశం గారి గది తలుపు కొంచెం తెరుచుకుంది. ఆయన అలవాటు కొద్దీ గోడవైపు చూశారు. ఇరవై తొమ్మిది దాటగానే ఆయన చెయ్యి ఆయన ప్రమేయం లేకుండా జేబులోని పెన్ను మీదికి వెళ్లింది.

"సార్, ఇప్పుడు గుడ్లు లేవు," అని నేను గుర్తుచేయబోయాను.

"ముప్పై!" అని ఆయన గావుకేక పెట్టారు. "పరిష్కరించండి! పరిష్కరించండి!"

ఆ మధ్యాహ్నం ఆయన ఏం సంతకం చేశారో ఆయనకే తెలియదు. పాముపిల్లల్ని వకుళకు అప్పగిస్తూ సంతకం చేశారు. కావేరి ఆడదని సంతకం చేశారు. నేను మూడేళ్ల కిందట పెట్టుకున్న సెలవు చీటీ కూడా ఆ వాటంలో మంజూరైంది. వకుళ డబ్బాను గుండెకు హత్తుకుని రోడ్డు దాటుతుంటే జనం పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. జిరాక్సు మిషను వెనక, తల్లి గాజు పెట్టె పక్కన, ఆ పిల్లలు మళ్లీ కదలడం మొదలుపెట్టాయి.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాం. కానీ ఆ చలికాలం అర్జీల పరిష్కారంలో గాలిమిట్ట రాష్ట్రంలోనే మొదటి స్థానంలో నిలిచింది. దీనికి కారణమేమిటని ప్రధాన కార్యాలయం అడిగితే, దాపరికం ఎందుకని, "పాము గుడ్లు" అని రాశాను. పదిరోజుల్లో ఉత్తర్వు వచ్చింది. గాలిమిట్ట నమూనాను రాష్ట్రమంతటా అమలు చేయాలని నిశ్చయించినందున ప్రతి కార్యాలయానికీ ఒక డబ్బా పాము గుడ్లు ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా సరఫరా చేయవలెనట.

నేను ఆ ఉత్తర్వు పట్టుకుని వకుళ కొట్టుకు వెళ్లాను. పరాంకుశం గారు కూడా వెంట వచ్చారు. ఆమె ఉత్తర్వు చదివి, దానికి అలవాటుగా మూడు కాపీలు తీసి, ఒకటి మాకు తిరిగి ఇచ్చింది.

"బంగారికి జత లేదు సార్. ముందు మగపామును శాంక్షన్ చేయించుకోండి."

"అందుకు కొంత సమయం పట్టును," అన్నారు పరాంకుశం గారు. "ఈలోగా దానితో తమరు ఒక మాట..."

వకుళ వెనక్కి తిరిగి గాజు పెట్టెవైపు చూసింది. బంగారి చుట్ట చుట్టుకుని నిద్రపోతోంది.

"కూర్చోండి సార్," అంది వకుళ, బయట బెంచీ చూపిస్తూ. "మీ విషయం పరిశీలనలో ఉండాది."

మేమిద్దరం బెంచీ మీద కూర్చున్నాం. మాఘమాసం గాలి, చలి ఎముకలు కొరుకుతోంది. ఎంతసేపు కూర్చున్నా ఎవరూ పిలవలేదు. పాల క్యాను సైకిలుకు తగిలించుకుని పాల కేంద్రానికి పోతున్న గంగులప్ప మమ్మల్ని చూసి ఆగాడు. సంగతంతా విన్నాడు. జాలిపడ్డాడు.

"ఇద్దరే వస్తే ఎట్ల సార్ పనయ్యేది?" అన్నాడు. "రేపు ఇంకో పదిమందిని తోడుకోని రాండి. కంబళ్లు మర్చిపోవద్దండి."